దువ్వెనకు వార్నిష్, సైమాకు చిరునవ్వు

లోపల ఏముందో ఎవరికి కావాలండీ? పైన ఏం పూశారో చెప్పండి, చాలు!

ఎవరినో దెప్పడానికి ఈ మాట అనడం లేదు. బాగా ఆలోచించి, సాక్ష్యాలు దగ్గర పెట్టుకునే అంటున్నాను. లోకం నడుస్తున్నదే పైపూత మీద. పూతను తిట్టేవాళ్లు ముందు తమ ఇంటి గోడను సున్నం లేకుండా ఒకసారి ఊహించుకోవాలి.

పేరు చెప్పను గానీ ఒక ఊరి బడికి పెద్ద అధికారి వస్తున్నారని ముందు గోడకు రంగు వేశారు. అదే వారంలో వెనక గోడ కూలింది. అధికారి ముందు నుంచి వచ్చారు, ముందు నుంచే వెళ్లారు. నష్టం ఎవరికి? ఆ వెనక గోడ నీడన పడుకునే మేకకు తప్ప!

ఇంకో ఊళ్లో రోడ్డుకు తారు పోశారు. దోసె పెనానికి నూనె రాసినంత పల్చగా పోశారు. మొదటి వాన దాకా అది నల్లగా నిగనిగలాడింది. ఆ నాలుగు రోజులూ ఊరివాళ్లు పడ్డ సంబరాన్ని ఏ వానైనా కడిగేయగలదా?

మా బంధువుల అమ్మాయి ఒకామె ఫోన్లో ఫోటో దిగి, దానికి ఫిల్టర్ వేసి పంపింది. ఫోటో చూసి ముచ్చటపడి పిల్లను చూడటానికి వచ్చినవాళ్లు, వాకిట్లో ఎదురొచ్చిన ఆమెనే పట్టుకుని, "లోపల అమ్మాయి ఉంటే పిలువమ్మా" అన్నారు. అంతటి శక్తి ఏ చదువుకు ఉంది? ఏ గుణానికి ఉంది?

సైన్సు కూడా నా పక్షమే. నమ్మకపోతే నానో కణాల సంగతి వినండి.

నానో అంటే ఎంతో మా సైన్స్ మాస్టారు పెంచలప్రసాద్ గారు ఒకసారి చెప్పారు. తల వెంట్రుకను నిలువునా లక్ష చీలికలు చేస్తే, అందులో ఒక చీలిక మందమట. ఆ కొలతలో ఉండే సన్నటి కణాలను ప్లాస్టిక్‌లోనో జిగురులోనో కలిపితే అది గట్టిపడుతుంది. పగిలేది తొందరగా పగలదు. విరిగేది తొందరగా విరగదు.

వినడానికి బాగానే ఉంది. కానీ ఆ కణాలకు ఒక జబ్బుంది. అవి కలవవు!

నెల్లూరు బస్టాండులో సీతారామపురం బస్సు కోసం కూర్చున్న మావాళ్లను మీరు చూసే ఉంటారు. బస్టాండంతా ఖాళీగా ఉన్నా ఒకే బెంచీ మీద ఒకరినొకరు ఒరుసుకుని కూర్చుంటారు. నానో కణాలూ అంతే. జిగురులో వేయగానే తమవాళ్లెక్కడున్నారో వెతుక్కుని ఉండ కట్టేస్తాయి. ఉండ కట్టిన చోటే జిగురు పగులుతుంది. బలానికని వేసింది రోగమై కూర్చుంటుంది.

మరి శాస్త్రవేత్తలు ఏం చేస్తారు? పూత పూస్తారు! ప్రొటీనో, పిండిపదార్థమో, ప్రాణం ఉన్నవాటిలో దొరికేది ఏదో ఒకటి కణం ఒంటికి పూస్తారు. ఆ పూత ఒక చేత్తో కణాన్ని, ఇంకో చేత్తో జిగురును పట్టుకుంటుంది. ఇక ఆ కణం పక్కవాడి చెయ్యి వదిలిపెట్టి, జిగురంతా తిరిగి అందరినీ పలకరిస్తుంది.

చూశారా? వెంట్రుకలో లక్షో వంతుకే పూత లేనిదే గతి లేనప్పుడు, నిలువెత్తు మనిషికి అక్కర్లేదంటే ఎలా?

ఇక్కడ మా సైమా సంగతి చెప్పాలి. పూత మహిమను ఆమె అనుభవించినంతగా ఉదయగిరిలో ఇంకెవరూ అనుభవించలేదు.

సైమా నాతోనే పదో తరగతి చదువుతోంది. ఆమె గొంతు విన్నవాళ్లు మా బడిలో తక్కువ. హాజరు పిలిచినప్పుడు కూడా పలకదు, చెయ్యెత్తుతుంది. చెయ్యి కూడా భుజం దాకానే లేస్తుంది. మాస్టార్లు అలవాటు పడిపోయి, సైమా పేరు వచ్చినప్పుడు తలెత్తి చూస్తారు.

ఆమె దాదీ, అంటే నాన్నమ్మ, చాంద్బీ. చెక్కతో గరిటెలు, ఫోర్కులు, దువ్వెనలు చెక్కుతుంది. మా ఉదయగిరిలో ఆ పని చేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. గరిటె ఎలాగో ఒకలాగ గట్టెక్కుతుంది. దువ్వెనతోనే తంటా. దువ్వెన పనిలో పళ్లు కోయడం చివరికి వస్తుంది. పొద్దుట నుంచి చెక్క కోసి, అరగదీసి, అంచున తీగ నగిషీ చెక్కి, సాయంత్రానికి పళ్లు కోస్తూ ఉంటే ఒక పన్ను టిక్కుమంటుంది. అంతే. చాంద్బీ దువ్వెనను పక్కనున్న పొయ్యిలోకి తోసి, పైన టీ గిన్నె పెడుతుంది.

దాదీ పగలంతా చేసిన పని టీ మరిగేలోపు కాలిపోవడం సైమా చిన్నప్పటి నుంచి చూస్తోంది. ఆ టీ తనకు రుచించదని ఒకసారి నాతో చెప్పింది.

అందుకే సైన్స్ ఫెయిర్‌కు ఏం చేస్తారని పెంచలప్రసాద్ సార్ అడిగినప్పుడు సైమా చెయ్యి లేచింది. ఈసారి చెవి దాకా లేచింది.

విరిగిన పన్నును అతికించాలి. దుకాణంలో దొరికే రెండు ట్యూబుల జిగురుతో అతికిస్తే నిలబడింది గానీ, మొదటి చిక్కు తగలగానే అక్కడే విరిగింది. సార్ ఆత్మకూరు వైపు రైస్ మిల్లు నుంచి ఊక బూడిద తెప్పించారు. బాగా కాలిన తెల్ల బూడిద. సైమా దాన్ని రోట్లో నూరి, నీళ్లలో కలిపి, బరువుది అడుగున కూర్చున్నాక పైన మిగిలిన మబ్బు నీళ్లను మాత్రం వంచుకుని ఆరబెట్టింది. అందులో నిజంగా నానో ఎంతుందో తేల్చడానికి మా బడి మైక్రోస్కోపు చాలదు. సార్ నిజం మాట్లాడే మనిషి. నానో అని తాను సంతకం పెట్టననీ, నానోకు దగ్గరి చుట్టం అని మాత్రం ఎవరితోనైనా చెబుతాననీ అన్నారు.

చుట్టమైనా ఆ ఇంటి గుణం పోతుందా? జిగురులో వేయగానే బూడిద ఉండ కట్టింది. పన్ను ముందుకన్నా తొందరగా ఊడింది.

పూతకు ప్రొటీన్ కావాలి, గుడ్డు తెల్లసొన తెమ్మన్నారు సార్. చాంద్బీ గుడ్డు ఇవ్వలేదు. గుడ్డు కూరకు పనికొస్తుంది, బూడిదకు ఎందుకంది. ఆ పూట పాలు విరిగి ఉన్నాయి. విరుగుడు నీళ్లు కావాలంటే తీసుకుపొమ్మంది. అందులోనూ ప్రొటీన్ ఉంటుందని సార్ సంతోషించారు.

సైమా మొదట బూడిదను విరుగుడు నీళ్లలో ముంచి ఊరబెట్టింది. మంచిదైతే ఎక్కువ వేద్దామని ఎవరికి ఉండదు? బూడిద మళ్లీ ఉండ కట్టింది. పైగా పుల్లటి వాసన. తగ్గించింది. ఇంకా తగ్గించింది. చివరికి దగ్గు మందు సీసా మూతతో కొలిచి, ఒక టీ గ్లాసు బూడిదకు ఒక మూత నీళ్లు చిలకరించి, కలిపి, ఆరబెట్టి జిగురులో వేస్తే అప్పుడు కలిసింది. వెన్నలా కలిసింది. దానితో అతికించిన పన్ను మొదట్లో సన్నటి బూడిదరంగు గీత మిగిలింది. పన్ను మాత్రం నిలిచింది.

ఆ దువ్వెనను దాదీ చేతిలో పెట్టింది సైమా. చాంద్బీ దాన్ని గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుంది. వాళ్ల పనిలో అదొక పద్ధతి. లోపల పగులుంటే చెక్క మూగగా పలుకుతుందట. కొనేవాళ్ల చేతిలో కూడా ఆమె ముందు నూనె రాయని వస్తువునే పెడుతుంది. వాళ్లు మీటి చూసుకున్నాక వాళ్ల కళ్ల ముందే నూనె రాసి ఇస్తుంది. ముందే రాస్తే పగులు దాక్కుంటుందని ఆమె వాదన. ఇలాంటి పాతకాలపు మనుషుల వల్లే మన వ్యాపారాలు వెనకబడిపోతున్నాయి!

"పలకతా ఉండాది గానీ, నిలవదు మే" అంది చాంద్బీ.

"వారం నించీ దీంతోనే దువ్వుకుంటా ఉండా గదా దాదీ."

"నీ నెత్తిన ఉండేది నాలుగు పోగులు. దానికి దువ్వెన దేనికి, చెయ్యి చాలు."

సైమా ఊరుకోలేదు. మరి ఎవరు చెబితే నమ్ముతావని అడిగింది. చాంద్బీ టీ వడగడుతూ ఆలోచించింది.

"పెద్ద సదువు సదువుకున్నోళ్లు ఎవురన్నా నెత్తిన పెట్టి దువ్వుకోని, నిలస్తాదని నాతో చెప్పమను. ఆ పొద్దు నించి పొయ్యిలో ఎయ్యను."

పెద్ద చదువులవాళ్లు ఆత్మకూరులో జరిగే ఫెయిర్‌కు జడ్జీలుగా వస్తారు. వాళ్లలో ఒక్కరు దువ్వుకుని ఆ ఒక్క మాట అంటే చాలు. సైమా వెళ్లాలనుకున్నది అందుకే. ప్రైజు సంగతి ఆమెకు తట్టనే లేదు.

సరిగ్గా అప్పుడే దేవుడు మా బడికి రాజమోహన్ సార్‌ను పంపాడు.

రాజమోహన్ సార్ మాకు శనివారాలు పర్సనాలిటీ డెవలప్‌మెంట్ చెబుతారు. ఎండలో కూడా కోటు తీయరు. కాన్ఫిడెన్స్, ఐ కాంటాక్ట్, బాడీ లాంగ్వేజ్ అనే మూడింటి మీద భూమి నిలబడి ఉందని ఆయన వల్లే మాకు తెలిసింది. స్మైల్ అనేది మన విజిటింగ్ కార్డు అని కూడా చెప్పారు. మాలో ఎవరికీ విజిటింగ్ కార్డంటే తెలియదు గనక గౌరవం మరింత పెరిగింది.

పిరికితనం పోవాలంటే దుర్గం కొండకేసి తిరిగి తన పేరు తాను గట్టిగా అరవమని సైమాకు చెప్పారు. సైమా అరిచింది. కొండ దాకా ఎందుకు, నా దాకా కూడా రాలేదు. దగ్గర్లో మేస్తున్న మేక ఒకటి తలెత్తి చూసి మళ్లీ మేతలో పడింది.

"నవ్వమ్మా, నవ్వు. ఇంకా. పళ్లు కనపడాలి" అన్నారు సార్.

సైమా మంచి పిల్ల. చెప్పింది చేస్తుంది. ఇంట్లో అద్దం ముందు నిలబడి పళ్లు కనపడేలా నవ్వడం సాధన చేసింది. రెండో రోజుకు చాంద్బీ, "పన్ను నొస్తా ఉండాదా" అని అడిగి లవంగం తెచ్చిచ్చింది.

ఇంత కృషి చేసినా సరుకు సిద్ధం కాలేదని సార్ గ్రహించారు. ఫెయిర్‌లో అశ్విత మాట్లాడాలని తీర్మానించారు. అశ్విత మర్రిపాడు నుంచి వస్తుంది. అయిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం. గుడ్ మార్నింగ్‌తో మొదలుపెడితే థాంక్యూ దాకా ఊపిరి తీసుకోదు. ఆ పిల్లది చాలా మంచి గొంతు, మంచి మనసు కూడా. సార్ ఇచ్చిన పేజీని ఒక్క పూటలో బట్టీ పట్టేసింది. అందులో నానో టెక్నాలజీ అనే మాట చాలాసార్లు వచ్చింది. విరుగుడు నీళ్లు ఎక్కడా రాలేదు. విరుగుడు నీళ్లకు ప్రెజెంటేషన్ వాల్యూ లేదట.

సైమాకూ నాకూ చార్టు పట్టుకునే పని ఇచ్చారు. ఆ చివర ఆమె, ఈ చివర నేను. చార్టు ఎంత పెద్దదంటే, పట్టుకుంటే మా వేళ్లు తప్ప ఇంకేమీ కనపడవు. నిజం చెప్పొద్దూ, మా ఇద్దరికీ ప్రాణం కుదుటపడింది. అంత హాయి అయిన ప్రదేశం మా బడిలో ఇంకెక్కడా లేదు!

బయల్దేరే ముందు రోజు రాజమోహన్ సార్ దువ్వెనను చూశారు. పన్ను మొదట్లోని బూడిదరంగు గీత ఆయన కంట్లో పడింది.

"ఇది చూస్తే రిపేర్ అని తెలిసిపోదూ?"

తెలియాలనే కదా సార్ అంది సైమా. ఆ మాట పక్కనున్న నాకు మాత్రమే వినపడింది.

పెంచలప్రసాద్ సార్ ఆ రెండు రోజులూ పరీక్షల డ్యూటీకి వెళ్లారు. అడ్డు చెప్పేవాళ్లు లేరు. రాజమోహన్ సార్ బంగారు రంగు వార్నిష్ తెప్పించారు. దువ్వెనకు ఒక పూత పూశారు. బాగుంది. బాగున్నది కాబట్టి ఇంకో పూత పూశారు. మెరుపు ఇంకా రావాలని మరో పూత. ఆరేసరికి దువ్వెన దేవుడి కిరీటంలా ధగధగలాడింది. పళ్ల మధ్య సందుల్లో వార్నిష్ దిగి గట్టిపడింది. పన్నుకూ పన్నుకూ తేడా లేదు. ఇది కదా ఐకమత్యం!

ఆ మెరుపు చూశాక సైమా ఇంటికెళ్లి, తాను రోజూ దువ్వుకునే ఇంకో అతుకుల దువ్వెనను తెల్లారి జడలో గుచ్చుకుని, పైన చున్నీ కప్పుకుని బస్సెక్కింది.

ఆత్మకూరులో ఫెయిర్ జరిగిన హాలు నిండా బల్లలు, బల్లల నిండా అట్టముక్కలు. మా పక్క బల్ల మీద అగ్నిపర్వతం. లోపల ఎర్ర బల్బు, కింద సెల్‌ఫోన్లో ఉరుముల శబ్దం. మా బల్ల మీద బంగారు దువ్వెన. దాని వెనక అశ్విత. అశ్విత వెనక చార్టు. చార్టు వెనక మేము.

జడ్జీగా వచ్చినామె పేరు మధులత. నెల్లూరు కాలేజీలో కెమిస్ట్రీ చెబుతారట. చార్టు అంచు నుంచి నేను చూశాను. ఒత్తయిన జుట్టు. ఉక్కకు ముడి జారిపోతుంటే మాటిమాటికీ పైకి ఎగదోసుకుంటున్నారు. చార్టు అటు చివర కొంచెం కిందికి దిగింది. సైమా కూడా ఆ జుట్టును చూసిందన్నమాట.

అశ్విత గుడ్ మార్నింగ్ నుంచి థాంక్యూ దాకా ఒక్క తప్పు లేకుండా చెప్పింది. రాజమోహన్ సార్ కళ్లు చెమర్చాయి. మేడమ్ దువ్వెన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"ఇందులో విరిగి అతికించిన పన్ను ఏది?"

అశ్విత వంగి చూసింది. అన్నీ బంగారమే. ఏది చూపించాలి?

కనపడకపోవడమే ఇందులో గొప్పతనం మేడమ్ అని అందుకున్నారు సార్. సరే దువ్వి చూస్తానని మేడమ్ దాన్ని తలకు ఆనించారు. ఆమె అటు దువ్వితే అది ఇటు జారింది. నున్నటి స్కేలు పెట్టి దువ్వుకున్నట్టే.

మేడమ్ నవ్వలేదు. దువ్వెనను బల్ల మీద పెట్టి, బూడిదకు పూత ఎంత వేశారు, ఎక్కువ వేస్తే ఏమైంది అని అశ్వితను అడిగారు. సార్ ఇచ్చిన పేజీలో ఆ ప్రశ్న లేదు. అశ్విత సార్ వైపు చూసింది. సార్ తన పెదాల చివరలు వేళ్లతో పైకి లాగి చూపించారు. నవ్వమని.

అశ్విత నవ్వలేదు.

"నాకు తెలీదు మేడమ్" అంది. "ఇది చేసిన పిల్ల చార్టు ఎనకాల ఉండాది."

అని తనే వచ్చి చార్టు పైఅంచు పట్టుకుని కిందికి దించింది. నేను నా చివరను ఇంకా పైకే పట్టుకోవాలని చూశాను. లాభం లేకపోయింది.

భయపడొద్దు, నీ మాటల్లోనే చెప్పు అన్నారు మేడమ్. సైమా నోరు తెరిచింది. ఆ క్షణం కోసమే కదా ఆమె ఇంత దూరం వచ్చింది! తెరిచిన నోట్లోంచి మాట రాలేదు. నవ్వు వచ్చింది. అద్దం ముందు నేర్చుకున్న నవ్వు. పళ్లన్నీ కనపడేలా, కదలకుండా, దాదీ చేత లవంగం తెప్పించిన నవ్వు. శిక్షణ ఎంత గట్టిగా పట్టిందో చూడండి. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా పెదాలు మాత్రం దిగలేదు.

అప్పుడు ఆమె చెయ్యి వెనక్కి వెళ్లింది. జడలోంచి దువ్వెన తీసి మేడమ్ ముందు పెట్టింది.

అది నూనె కూడా రాయని దువ్వెన. మధ్య పన్ను మొదట్లో బూడిద గీత. మేడమ్ ఆ గీతను గోటితో తడిమారు. క్లిప్పు తీసి, జుట్టు విప్పి, దువ్వారు. సగం దూరం వెళ్లాక చిక్కు తగిలింది. సరిగ్గా మధ్యలో. మేడమ్ లాగారు. ఆగి, మళ్లీ లాగారు. నేనూ అశ్వితా ఊపిరి బిగబట్టుకున్నాం. సైమా అలాగే నవ్వుతూ ఉంది. చిక్కు వీడింది. పన్ను నిలిచింది.

మేడమ్ ముడి వేసుకుని, మార్కులు వేయడానికి చేతులు ఖాళీ కావాలని దువ్వెనను ఆ ముడిలోనే గుచ్చుకున్నారు. ఏదో అనబోయారు. అప్పుడే పక్క బల్ల మీద అగ్నిపర్వతం ఉరిమింది. నిర్వాహకులు వచ్చి టైమ్ అయిపోతోందని ఆమెను అటు తీసుకుపోయారు.

నెల్లూరులో జరిగే జిల్లా ఫెయిర్‌కు వెళ్లడానికి అగ్నిపర్వతం ఎంపికైంది. మాకు ప్రెజెంటేషన్ విభాగంలో కన్సొలేషన్ సర్టిఫికెట్ వచ్చింది. ఫోటోలో రాజమోహన్ సార్, అశ్విత, బంగారు దువ్వెన చక్కగా పడ్డారు. చార్టు రెండు చివర్లా సైమా వేళ్లూ నా వేళ్లూ కూడా పడ్డాయి. నా వేళ్లు బాగా వచ్చాయని ఇంట్లో అన్నారు.

తిరుగు బస్సులో సైమా జడ తడుముకుంది. దువ్వెన లేదు. అది మేడమ్ ముడిలో నెల్లూరు వెళ్లిపోయింది. ప్రాజెక్టు ఎంపిక కాకపోయినా దువ్వెన ఎంపికైంది! ఆ మాటే చెప్పి నవ్విద్దామని చూశాను. సైమా కిటికీ వైపు తిరిగింది.

"నిలస్తాదని ఆమె అనలేదు గదా" అంది.

ఇంట్లో చాంద్బీ ఏం చెప్పారని అడిగింది. ఏం చెప్పలేదంది సైమా. మర్నాడు సాయంత్రం ఇంకో దువ్వెన పన్ను టిక్కుమంది. పొయ్యి వెలిగింది. టీ మరిగింది. చాంద్బీ గ్లాసు చాచితే సైమా ఆ పూట తాగలేదు.

వారం తిరగకుండా పెంచలప్రసాద్ సార్ క్లాసులోకి ఫోన్ పట్టుకుని వచ్చారు. అవతల మధులత మేడమ్. మీ దువ్వెన తలలోనే ఉండిపోయింది, ఇంటికెళ్లాక చూసుకున్నాను, తప్పయిపోయింది అంటున్నారు. ఇంట్లో అందరూ దానితోనే దువ్వుకుంటున్నారట. పన్ను కదల్లేదట. చేసిన అమ్మాయితో మాట్లాడాలన్నారు.

సైమా ఫోన్ తీసుకుని చుట్టూ చూసింది. చార్టు లేదు. తలుపు వెనక్కి వెళ్లి నిలబడింది. అక్కడ నవ్వాల్సిన పని లేదు. ఆమెను చూసేవాళ్లు లేరు. పూత ఎంత వేశావని మేడమ్ అడిగినట్టున్నారు. తలుపు సందులోంచి మాకు వినపడింది.

"టీ గ్లాసు బూడిదకు దగ్గు మందు మూతతో ఒక మూత, మేడమ్. ఎక్కువ పూస్తే కూడా కలవదు. మళ్లీ ఉండ కడతాది. కొంచెం పూసి ఒదిలేస్తే, అదే పోయి కలస్తాది."

మా క్లాసులో చాలామంది ఆమె గొంతు వినడం అదే మొదటిసారి. అంత పెద్దగానే ఉంటుందని మాకేం తెలుసు?

ఇంకో మాట కూడా అంది. "ఇదే మాట మా దాదీకి చెప్తారా, మేడమ్?"

మధ్యాహ్నం సార్ ఫోన్‌తో పాటు మేము కూడా చాంద్బీ ఇంటికి వెళ్లాం. మేడమ్ అంతా చెప్పారు. ఇన్ని రోజులు దువ్వుకున్నామని, నిలుస్తుందని, తాను కెమిస్ట్రీలో పెద్ద చదువే చదివానని కూడా చెప్పారు. చాంద్బీ ఉలి కింద పెట్టకుండా విన్నది. మేడమ్ ముగించాక గొంతు సవరించుకుంది.

"అట్నా. అయితే దాన్ని గోటితో మీటి, ఫోన్ కాడ పెట్టు తల్లీ."

 తర్వాత ఫోన్లోంచి చిన్నగా టింగుమని వచ్చింది. ఇంకోసారి అంది చాంద్బీ. మళ్లీ టింగుమంది. కళ్లు మూసుకుని విన్నది.

"ఊ" అని ఫోన్ సార్‌కు ఇచ్చేసి పనిలో పడింది.

మెచ్చుకోవడం లేదు, చప్పట్లు లేవు. ఆమెకు పర్సనాలిటీ డెవలప్‌మెంట్ ఎవరూ చెప్పలేదు పాపం! కానీ ఆ సాయంత్రం పన్ను విరిగిన దువ్వెన పొయ్యిలోకి పోలేదు. పొయ్యి పైన గూట్లో ఉన్న ఖాళీ బిస్కెట్ల డబ్బాలోకి పోయింది. ఆ టీ సైమా తాగింది. నాకూ పోసింది.

కాబట్టి ఇంతకూ నేను చెప్పేదేమిటి? పూత గొప్పదని మొదట్లో అన్నాను. ఇప్పుడూ అంటున్నాను. పూత లేకపోతే బూడిద ఉండ కట్టుకుని అడుగున కూర్చునేది. ఆ బూడిద కలవకపోతే సైమా మాట కూడా చార్టు వెనకే ఉండిపోయేది. మా బంగారు దువ్వెన ఇప్పుడు హెడ్మాస్టర్ గారి గది అద్దాల బీరువాలో ఉంది. బడికి ఎవరు వచ్చినా ముందు దాన్నే చూపిస్తారు. దానితో ఎవరూ దువ్వుకోలేరు గనక దాని పన్ను ఒక్కటి కూడా విరగలేదు. ఇంతకన్నా నాణ్యత ఏం కావాలి?

ఒక్కటే చిన్న సందేహం. బూడిదకు ఎంత పూయాలో చెప్పడానికి మా దగ్గర దగ్గు మందు మూత ఉంది. మనిషికి ఎంత పూయాలో చెప్పే మూత రాజమోహన్ సార్ దగ్గర ఉందా? ఉంటే ఇంతకాలం ఎందుకు చూపించలేదు?

ఆయన వచ్చే శనివారం వస్తారు. లేచి అడగాలని ఉంది. అడగాలంటే నాకూ కాస్త ధైర్యం పూసుకోవాలి.

కొంచెమే.